చిన్నదానికి దోసెడు జొన్నలు

తర్లుపాడు,
22 ఫిబ్రవరి 2025.

అక్కకు నీ చెల్లెలు కృప వందనాలు.

నేను బాగున్నా అని మొదట రాయాలి గదా, రాస్తున్నా. తుంటిలో వేసిన రాడ్డు కదలకుండా ఉందని మార్కాపురం డాక్టరు ఎక్స్‌రే చూసి చెప్పినాడు. వాకరు పట్టుకొని గదిలోనుంచి వెనక వసారా దాకా పోతా, మళ్ళీ గదిలోకొస్తా. అంతకు మించి పోయేదానికి లేదు. సాగరు పొద్దున ఆటో తీసుకొని పోతాడు. వాడి పెళ్ళాం విజయ హాస్టలు వంటకు పోతుంది. పోతా పోతా బయట తాళం వేస్తారు. నాకు చెవుడు, ఎవరైనా ఇంట్లో దూరినా తెలియదని వాళ్ళ భయం. మా ఆయన అన్న కొడుకు అయినందుకు సాగరు నన్ను తెచ్చి పెట్టుకున్నాడు, అందుకు కాదనను. కానీ ఎనిమిది గంటలకు ఆ తాళం పడేటప్పుడు తలుపు అదిరేది నాకు అరికాళ్ళల్లో తెలుస్తుంది అక్కా. చెవులకు ఏ చప్పుడూ రాదు గాని ఈ ఒక్కటి మాత్రం కాళ్ళగుండా వస్తుంది.

ఫోను చేయొచ్చు గదా అని మళ్ళీ అడగొద్దు. పలకల ఫ్యాక్టరీలో కోత మిషను పక్కన ఇరవై రెండేళ్ళు నిలబడినదాన్ని. ఫోనులో నువ్వు మాట్లాడితే నాకు గాలి తప్ప ఏమీ రాదు, నేను మాట్లాడితే వీధంతా వస్తుంది. ఆశా వర్కరు రాములమ్మ మందులియ్యడానికి వారానికి రెండుసార్లు కిటికీ దగ్గరకు వస్తుంది. ఆమె చేతికి ఉత్తరం ఇస్తే పోస్టులో వేస్తుంది. నాకు ఈ లోకంతో పని అంతా ఆ కిటికీ ఊచల్లోనుంచే.

నీ ఆయాసం ఎట్లుంది? చెరువు గాలికి ఎక్కువవుతుంది, పొద్దున్నే కట్ట మీద నడవొద్దు.

మరిచిపోయినా. నిన్న మా ఇంట్లో కానుపు అయింది. ఒకే కానుపులో ఐదుగురు. తల్లీ పిల్లలూ క్షేమం. కాగితం అయిపోయింది.

నీ చెల్లెలు
కృప


కంభం,
27 ఫిబ్రవరి.

చిన్నదానికి,

ప్రభువు నిన్ను చల్లగా చూడాలి. నీ ఉత్తరం చదివినప్పటినుంచి నేను మాత్రం చల్లగా లేను.

ఏందే ఇది? విజయకు నలభై దాటినాయి. దాని కూతురు నంద్యాలలో ఇంటరు చదువుతా ఉంది. ఆ పిల్ల కడుపుతో ఉందని నాకు ఒక్క మాట చెప్పకుండా, కానుపైనాక, అదీ ఉత్తరం అడుగున, నా ఆయాసం తర్వాత రాస్తావా? ఐదుగురంటే మాటలా? రెండు రోజులు గ్రంథాలయానికి పోయి పేపరు తిరగేసినా. ఒక్క ముక్క పడలా. మన పక్క జనానికి ఏం జరిగినా ఎవడికి పట్టింది!

పాస్టరమ్మకు చెప్పినా. నిన్న సాయంత్రం కూటంలో సంఘమంతా లేచి నిలబడి విజయ పేరు పెట్టి, ఐదుగురి పేరూ పెట్టి, పేర్లు తెలియవు కాబట్టి మొదటి బిడ్డ రెండవ బిడ్డ అని లెక్కపెట్టి ప్రార్థన చేసినారు. నేను ఏడ్చినా.

మార్కాపురం బస్సు కండక్టరు చేత కానుపు కాయం, వెల్లుల్లి, మెత్తగా ఉతికిన పాత చీర ముక్కలు పంపిస్తున్నా. తల్లికి చల్లనీళ్ళు తాకనీయొద్దు. నువ్వు బరువులెత్తొద్దు. వాళ్ళను ఎత్తుకోవాలనిపిస్తే కూర్చొని ఎత్తుకో.

మీ అక్క
రత్నమ్మ


తర్లుపాడు,
6 మార్చి.

అక్కకు వందనాలు.

నీ మూట వచ్చింది. విజయ విప్పి, కాయం డబ్బా చూసి, చీర ముక్కలు చూసి, తర్వాత నన్ను చూసింది. ఆ చూపు నేను ఉత్తరంలో రాయలేను. సాగరు మాత్రం గోడకానుకొని నవ్వినాడు. ఈ ఇంట్లో ఒక మనిషి నవ్వగా చూసి నాకు నెల దాటింది.

తల్లికి నాలుగు కాళ్ళున్నాయని రాయడానికి కాగితంలో చోటు లేకపోయింది అక్కా. కుక్క. ఎర్రది, ఒక చెవి సగం లేదు. వెనక పెరడు చుట్టూ పలకరాళ్ళ గోడ ఉంది గదా, దానికి నీళ్ళు పోయే తూము ఉంది. అందులోనుంచి వచ్చి నా గది ముందర వసారాలో కట్టెల సందున ఈనింది. పోనీలే, సంఘం చేసిన ప్రార్థన వృథా కాలా. ఐదూ బతికినాయి. నిన్న మొదటిదానికి కళ్ళు తెరుచుకున్నాయి. అది కళ్ళు తెరిచి మొదట చూసింది నన్నే. పాపం.

విజయ మొదట వద్దంది. చీపురు తెచ్చింది గూడా. నేను వాకరు అడ్డం పెట్టి నిలబడినా. పాలు మరిచేదాకా ఉంచుతా, ఆ తర్వాత ఒక్కొక్కదానికి ఇల్లు చూసి పంపిస్తా అన్నా. ఇప్పుడు సాగరే సాయంత్రం రాగిపిండి తెస్తున్నాడు. తల్లి తూములోనుంచి పోయి ఊరంతా తిరిగి వస్తుంది. వచ్చి పిల్లలకు పాలిచ్చి మళ్ళీ పోతుంది. వసారా మెట్టు మోకాలెత్తు ఉంది. పిల్లలూ దిగలేవు, నేనూ దిగలేను. దాని తోక తూములోకి పోయేది చూస్తా మేం ఆరుమందిమీ ఇక్కడ కూర్చొని ఉంటాం.

వచ్చి అడిగేవాళ్ళకు మన నాయన పద్ధతే పెడతానని చెప్పినా. డబ్బులకు ఇయ్యను, ఊరికే ఇయ్యను. దోసెడు జొన్నలు తెచ్చి అడగాల. ఆ జొన్నలు సంకటి చేసి తల్లి కడుపు నింపి, అప్పుడు పిల్లను తీసుకుపోవాల. విజయ ఇదేం పద్ధతి అంది. కన్నదాని ఆకలి తీర్చనివాడు పిల్ల ఆకలి ఏం తీరుస్తాడని నాయన అనేవాడు గదా, అదే చెప్పినా.

ఇంకో సంగతి. సాగరుకు ఒంగోలులో డ్రైవరు ఉద్యోగం వచ్చింది. ఏప్రిల్ ముప్పైకి ఈ ఇల్లు ఖాళీ చేయాల. అందరం పోతాం. సముద్రం దగ్గరంట.

నీ చెల్లెలు
కృప


కంభం,
12 మార్చి.

చిన్నదానికి,

సంఘానికి నేను ఏ మొహంతో చెప్పాలో నువ్వే రాయి. మొదటి బిడ్డ ఎట్లున్నాడు అని ప్రతి మనిషీ అడుగుతున్నారు. కళ్ళు తెరిచినాడు అని చెప్పి తప్పించుకున్నా. అబద్ధం కాదు గదా.

ఒంగోలు పోతున్నావు. పో. సముద్రపు గాలి నీకు సరిపోతుందిలే. అక్కడినుంచి కంభానికి ఎంత దూరమో కనుక్కున్నా. బస్సు దిగి బస్సు ఎక్కాల. నా ఆయాసంతో నేను రాలేను, నీ కాలుతో నువ్వు రాలేవు. ఇంక ఉత్తరాలే.

తర్లుపాడునుంచి కంభం పక్కనే గదా, నీకు ఆ ఆలోచన రాలేదా అని అడగబోయి ఊరుకుంటున్నా. ఎందుకంటే తొమ్మిదేళ్ళ కింద మీ ఆయన ఏబేలు పోయినప్పుడు, దినాలు కాగానే నేను ఆటో మాట్లాడుకొని వచ్చినా. నా దగ్గరకు రావే అని పిలిచినా. నువ్వు అంతమందిలో ఏమన్నావు? పిలిస్తే తోకాడించుకుంటా రావడానికి నేనేమన్నా కుక్కపిల్లనా అన్నావు. ఖాళీ ఆటోలో వెనక్కు వచ్చినా. ఆ రోజు అనుకున్నా, మళ్ళీ ఎప్పుడూ పిలవను అని. ఇప్పుడూ పిలవను.

వాళ్ళతో పోయి సుఖంగా ఉండు. కుక్కపిల్లలకు మంచి ఇళ్ళు చూడు. జొన్నల సంగతి మరిచిపోకుండా ఉన్నందుకు మాత్రం సంతోషం.

రత్నమ్మ


తర్లుపాడు,
24 మార్చి.

అక్కకు,

నీ ఉత్తరం చదివి వారం రోజులు మడిచి దిండు కింద పెట్టుకున్నా. కోపం రాలా. సిగ్గయింది.

ముందు పిల్లల సంగతి. ఐదూ నడుస్తున్నాయి. రాగిజావ పళ్ళెంలో పోస్తే ముఖాలు ముంచుకొని ఒకదాన్నొకటి నాకుతాయి. నా వాకరు రబ్బరు బుడిపెలు కొరికేసినాయి, ఇప్పుడు నేను నడిస్తే ఇనుప చప్పుడు వస్తుందని విజయ చెవులు మూసుకుంటుంది. నాకు ఆ బాధ లేదు. చివరది ఆడది. వెనక కాలు ఒకటి లోపలికి తిరిగి పుట్టింది, ఈడుస్తా నడుస్తుంది. అన్నిటికంటే పొట్టిది. నాకు తెలియకుండానే దాన్ని చిన్నది అని పిలవడం మొదలుపెట్టినా. నువ్వు నన్ను పిలిచినట్టు. అది నా మాట విని కాలు ఈడ్చుకుంటా వస్తుంది. నా మాట విని వచ్చేది ఈ ఇంట్లో అదొక్కటే.

ఇప్పుడు నాకున్న పని ఏందంటే కొలత. పిల్లల కోసం వచ్చేవాళ్ళు పగలు వస్తారు, పగలు తలుపుకు తాళం. కాబట్టి కిటికీలోనుంచే ఇయ్యాల. ఊచల సందు బెత్తెడు మీద రెండు వేళ్ళు. రోజూ పొద్దున పెద్దదాని తల పట్టుకొని సందులో పెట్టి చూస్తున్నా. పాలు మరవకముందే ఇస్తే బతకవు. బాగా బలిసినాక ఇద్దామంటే ఊచల్లో పట్టవు. ఆ రెంటి మధ్య ఒకటి రెండు వారాలే ఉంది. మల్లయ్య గొర్రెల కోసం ఒకదాన్ని అడిగినాడు. ఫ్యాక్టరీ వాచ్‌మన్ నిత్యానందం రెండు కావాలన్నాడు. గిద్దలూరునుంచి ఫోటో స్టూడియో డానీ బిస్కెట్ల పొట్లం పట్టుకొని వచ్చినాడు, పోయి జొన్నలు తెచ్చుకో అని పంపించినా. చిన్నదాన్ని మాత్రం చూసినవాళ్ళంతా చూసి పక్కదాన్ని అడుగుతున్నారు.

ఇప్పుడు నా సంగతి. నీకు పోయిన ఉత్తరంలో అబద్ధం రాసినా. అందరం ఒంగోలు పోవడం లేదు. అక్కడ వాళ్ళు తీసుకున్నది ఒకటే గది. ఆ ఉత్తరం రాసేదానికి ముందు రోజే సాగరు ఫోనులో మాట్లాడుతుంటే మూతి చూసి మాట పట్టుకున్నా. ఫ్యాక్టరీలో మిషను చప్పుడులో అందరం అట్లనే మాట్లాడుకునేవాళ్ళం గదా. చిన్నమ్మ అన్నాడు. హోము అన్నాడు. మెట్లున్నాయా అని అడిగినాడు. ఇరవై మంది ముసలాళ్ళుంటారంట. గేటు దాటనీయరంట. నాకు యాభై ఎనిమిది అక్కా. నేను చూడలేదనుకొని ఫోను పెట్టేసి, నా వైపు తిరిగి నవ్వి, చిన్నమ్మా టీ తాగుతావా అన్నాడు. మంచివాడే. చెప్పలేక చస్తున్నాడు. నేను అడగలేక చస్తున్నా.

నేను వీటికి ఇళ్ళు చూస్తున్నా. వాడు నాకు చూస్తున్నాడు.

తొమ్మిదేళ్ళ కింద అన్న మాట తప్పు. అప్పుడు కాళ్ళున్నాయి, ఫ్యాక్టరీ కూలీ ఉంది, పొగరు ఉంది. నాకు అడగడం రాదు, నీకు తెలుసు. ఇది చదివి నీకేం అనిపిస్తే అది రాయి. చాలు.

నీ చెల్లెలు
కృప


తర్లుపాడు,
10 ఏప్రిల్.
(కార్డు)

అక్కకు,

పిల్లలకు ఇళ్ళు దొరికినాయి. చిన్నదాన్నే ఎవరూ అడగలా. కాలు ఈడ్చేదాన్ని పెట్టుకొని ఏం చేసుకుంటాం అంటున్నారు. ముప్పైన ఇల్లు ఖాళీ. ఆ లోపల ఎవరూ రాకపోతే దోర్నాల అడవి రోడ్డులో వదిలేసి వస్తానంటున్నాడు సాగరు. విజయ సరేనంది. పోయినసారి రాసినదానికి నీ జవాబు రాలా. అర్థమైంది. ఇంక నిన్ను అడగను.

కృప


కంభం,
15 ఏప్రిల్.

ఒసే చిన్నదానా,

నీ కార్డు పోస్టుమాను నా చేతికి ఇయ్యకముందే చదివినట్టున్నాడు, ఆయన మొహం కూడా పాలిపోయి ఉంది.

అడవిలో వదిలేస్తాడా? నిన్ను? పులులు తిరిగే రోడ్డులో కాలు లేని మనిషిని దించి ఆటో తిప్పుకొని వస్తాడా? వాడు చిన్నప్పుడు జ్వరమొస్తే మూడు వారాలు నీ ఒళ్ళోనే పండుకున్నాడు, అది మరిచిపోయినాడా? విజయ సరేనందా? దాని కోసం సంఘమంతా లేచి నిలబడింది! ఆ ప్రార్థన వెనక్కు తీసుకునే వీలుంటే ఇప్పుడే తీసుకుందును.

పోయినసారి ఏం రాసినావు? మార్చి ఆరు తర్వాత నీ నుంచి చీటీముక్క రాలా. నా ఉత్తరంలో మాటలకు నీకు కోపమొచ్చిందనుకున్నా. మొండిది, దానంతట అది రాసేదాకా నేనూ రాయను అని నోరు మూసుకొని కూర్చున్నా. అక్కడ నీకు ఇంత జరుగుతుంటే నేను ఇక్కడ పిల్లలకు ఈస్టరు పాటలు నేర్పుకుంటా కూర్చున్నా. నాకు చాలా కష్టంగా ఉందే.

విను. నేను నిన్ను పిలవను అని రాసినా. ఆ మాట మీదే ఉన్నా, పిలవను. పిలిస్తే వచ్చేదానివి కాదు నువ్వు. అందుకని అడుగుతా. అప్పుడు నేనేమన్నా కుక్కపిల్లనా అన్నావు గదా. సరే, కుక్కపిల్లను అడిగినట్టే, మన నాయన ఇంట్లో ఎట్ల అడగాలో అట్లనే అడుగుతా. జొన్నలు తెస్తా. దోసెడు కాదు, శేరు. వాళ్ళ గడపలో పోసి, మా చిన్నదాన్ని మాకు ఇయ్యండి అంటా. ఎట్ల ఇయ్యరో చూస్తా.

నాది ఒకటిన్నర గది. రెండో మంచం పడుతుందా అని కొలిచినా. పడుతుంది, కాకపోతే తలుపు సగమే తెరుచుకుంటుంది. కొలిచింది ఇవాళ కాదు. జనవరిలో నీ తుంటి విరిగిందని తెలిసిన రోజే మూరతాడు పెట్టి కొలిచి, ఎవరికీ చెప్పకుండా తాడు చుట్టి పెట్టినా. ఈ తలుపుకు బయట తాళం లేదు. లోపల గడియే. నువ్వు వేసుకుంటే పడుతుంది, తీస్తే వస్తుంది.

ఈస్టరు ఆదివారం పోనీ. మంగళవారం పొద్దున మొదటి బస్సుకు వస్తున్నా.

మీ అక్క
రత్నమ్మ


తర్లుపాడు,
19 ఏప్రిల్, శనివారం.

అక్కా,

ఇది పోస్టులో వేస్తే నువ్వు వచ్చినాక చేరుతుంది. రాములమ్మ రేపు ఈస్టరుకు కంభంలో తన చెల్లెలింటికి పోతుందంట, ఆమె చేతే పంపిస్తున్నా. ఆమె మీద కోపం చేయొద్దు. నా మార్చి ఉత్తరం ఇన్నాళ్ళూ ఆమె మందుల సంచి అడుగున బీపీ మాత్రల అట్టల కింద ఉంది. మొన్న నేను నిలదీసి అడిగితే సంచి బోర్లించి వెతికి, చూసి, తలకొట్టుకుంది. అదీ దీంతో పంపిస్తున్నా. ముందు అది చదువు. చదివితే నీకు ఒక సంగతి తెలుస్తుంది.

కార్డులో నేను చిన్నది అని రాసింది కుక్కపిల్లను అక్కా. కాలు ఈడ్చేది అది. దోర్నాల రోడ్డులో వదిలేస్తానన్నది దాన్ని. సాగరు నన్ను అడవిలో వదలడు. వాడికి అంత ధైర్యమే ఉంటే ఎప్పుడో హోము సంగతి నా మొహం మీద చెప్పేవాడు.

ఇంకోటి గూడా చెప్తా. మొన్న నీ ఉత్తరం రాగానే ఇదే మాట నాలుగు ముక్కల్లో రాసినా. నువ్వు పొరపాటుపడినావు, అది కుక్కపిల్ల, నువ్వు రావొద్దు, నీ ఆయాసం చూసుకో అని రాసి రాములమ్మకు ఇచ్చినా. ఆమె కిటికీ దాటి నాలుగు అడుగులు వేసింది. ఆమెను కేకేసి పిలిచినా. నా కేక ఎంతుంటుందో నాకు తెలియదు గదా, వీధిలో ముగ్గురు ఆడవాళ్ళు నీళ్ళ బిందెలు దించి పరిగెత్తి వచ్చినారు. ఊచల్లోనుంచి చెయ్యి బయటికి పెట్టి ఆ కాగితం లాక్కొని చించేసినా. రాములమ్మ నన్ను చూసి ఏడ్చింది. ఎందుకేడ్చిందో ఆమెకూ తెలియదు.

ఆ తర్వాత వసారాలో కూర్చున్నా. నాలుగూ పోయినాయి, చిన్నదొక్కటే ఉంది. మల్లయ్య తెచ్చిన జొన్నలు, నిత్యానందం తెచ్చిన జొన్నలు, చివరికి డానీ ఎక్కడో వెతికి తెచ్చిన గుప్పెడు జొన్నలు అన్నీ సంకటి చేసి తల్లికి పెట్టినా. అది కడుపునిండా తిని తూములోనుంచి పోయింది. చిన్నది మెట్టు అంచుదాకా ఈడ్చుకుంటా పోయి, కిందికి చూసి, వెనక్కు వచ్చి నా కాలి మీద పండుకుంది. నేను గూడా రోజూ చేసేది అదే అక్కా. తలుపుదాకా పోయి వెనక్కు వస్తా. తొమ్మిదేళ్ళనుంచి నీకు ఉత్తరం రాయబోయి వేరే సంగతులు రాస్తున్నా. ఇంక నాకు ఓపిక లేదు.

సాగరుకు నేనే చెప్పినా, నిన్న సాయంత్రం. మా అక్క మంగళవారం వస్తుంది అన్నా. ఎందుకు అన్నాడు. నన్ను అడగడానికి అన్నా. వాడు నా ముందర నేల మీద కూర్చొని, చిన్నమ్మా నీకు హోము సంగతి తెలుసా అన్నాడు. తెలుసన్నా. వాడు ఏడ్చినాడు. ఈ నెలలో నన్ను చూసి ఏడ్చినవాళ్ళు ఇద్దరయినారు, నేను మాత్రం బాగానే ఉన్నా.

నాకు అడగడం రాదు. అయినా అడుగుతున్నా. నన్ను తీసుకుపో.

ఇక్కడ చిన్నవి రెండున్నాయి. శేరు జొన్నలకు తోడు ఇంకో దోసెడు వేసుకొని రా. నీ మంచాల మధ్య దానికి బెత్తెడు చోటు ఉంటే చాలు. తల్లికి సంకటి నేనే చేసి పెడతా, పొయ్యి మీద ఎసరు పెట్టి ఉంచుతా.

అది ఊచల్లో ఇంకా పడుతుంది, పొద్దున కొలిచి చూసినా. దాన్ని కిటికీలోనుంచి గూడా ఇయ్యొచ్చు. నేను పట్టను. మొదటి బస్సు ఏడుంపావుకు వస్తుంది. దారిలో ఎవరితోనూ మాట్లాడతా నిలబడొద్దు అక్కా, ఎనిమిదికి తాళం పడుతుంది. పడకముందే రా.

నీ
చిన్నది